కావలసింది ఒక దొంగ

లాయర్ దానయ్య బల్ల మీద కాగితం పెట్టి, దాని మీద పెన్ను కూడా పెట్టాడు. భీమారావు ఆ రెండింటిలో దేన్నీ ముట్టుకోలేదు.

"గోడ ఎక్కలేనని రాసిస్తే దొంగతనం కేసు ఇవాళే పోతుంది," అన్నాడు దానయ్య.

"ఉద్యోగం?" అని అడిగింది ఊర్మిళ.

దానయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదీ పోతుంది. జైలుకంటే నయం కదా అమ్మా."

ఊర్మిళ ఒకప్పుడు రాయపూర్‌లో సబ్ఇన్‌స్పెక్టరు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి సొంతంగా దర్యాప్తులు చేసుకుంటోంది. దానయ్య కార్మికుల కేసులు తప్ప మరేవీ పట్టని మనిషి. ఫీజు సరిగా రాని కేసుల్లోనే ఆమె అవసరం అతనికి ఎక్కువ పడేది. నిన్న ఫోన్ చేసి భీమారావు సంగతి చెప్పాడు.

రాయపూర్ పక్కన సిల్తారాలోని ఖారున్ ఫౌండ్రీ ప్రభుత్వ కంపెనీ. ఉక్కు కరిగించి పోత పోస్తారు. కొలిమి వేడిని కొలిచే పరికరాల్లో వాడే ప్లాటినం తీగ ఒక చుట్ట, శుక్రవారం రాత్రి స్టోర్స్‌లోని లోపలి గదిలోంచి మాయమైంది. ఆ రాత్రి స్టోర్స్ డ్యూటీలో ఉన్నది భీమారావు ఒక్కడే. లోపలి గది తాళం చెక్కుచెదరలేదు. గదికీ బయటి హాలుకీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. నిచ్చెన వేసుకుని గోడ ఎక్కితే అవతలికి దిగొచ్చు. గోడ పైన పేరుకున్న మసిలో ఒక కుడిపాదం ముద్ర దొరికింది. అందులో మనిషి చర్మానికుండే గీత ఒక్కటీ లేదు. నున్నటి రబ్బరు పాదం. ఫ్యాక్టరీ మొత్తంలో అలాంటి పాదం ఉన్నవాడు ఒక్కడే. భీమారావు కుడికాలు మోకాలి కింద నుంచి జైపూర్ కాలు.

కంపెనీ సెక్యూరిటీ అధికారి మల్లేశ్వరరావు పోలీసులకు ఇంకా ఫిర్యాదు ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండటానికి ఒక దారి చెప్పి పంపాడు. తన కాలు గోడలు ఎక్కడానికి పనికిరాదనీ, ఆ మాటకొస్తే తాను నౌకరీకే పనికిరాననీ భీమారావు రాసివ్వాలి. ఎక్కలేనివాడు దొంగతనం చేయలేడు కనుక కంపెనీ ఆ విషయం వదిలేస్తుంది. అనారోగ్యం కింద ఇంటికి పంపేస్తుంది. విచారణ రేపు; ఇవాళ మధ్యాహ్నంలోగా సంతకం కావాలి.

భీమారావు పక్కన కూర్చున్న అతని భార్య సూరమ్మ, పిల్లల ముఖం చూసి పెట్టెయ్యమని మెల్లగా అంది. ఇంటిముందుకు పోలీసు జీపు వస్తే బిర్‌గావ్ బస్తీలో తలెత్తుకోలేమని అంది.

"నేను ఎక్కగల్ను," అన్నాడు భీమారావు. "ఎక్కనేదు. రెండూ నిజవే. ఒకటి దాచీసి రెండోది ఎలా రాస్తాను సార్?"

ఊర్మిళ కుర్చీ అతనికి ఎదురుగా జరుపుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ రాత్రి నిద్రపోయాడా? లేదు. తాగాడా? ఆ అలవాటు లేదు. స్టోర్స్ వదిలి వెళ్ళాడా? వెళ్ళానన్నాడు. పదకొండు దాటాక స్టోర్స్ అధికారి దూబే ఫోన్ చేసి, ఒక బేరింగు అర్జంటుగా కొలిమి దగ్గరకు తీసుకెళ్ళి ఇమ్మన్నాడు. తీరా వెళితే అక్కడ బేరింగు అడిగినవాళ్ళే లేరు. వాళ్ళనీ వీళ్ళనీ విచారించి తిరిగొచ్చేసరికి అరగంట పైనే పట్టింది.

"ఈ మాట మల్లేశ్వరరావుకి చెప్పావా?"

"చెప్పాను. దూబే సాబ్ ఫోన్ చేయనేదన్నాడట. అయిపోయింది."

ఊర్మిళ దానయ్య వైపు తిరిగి అసలు ఈ మనిషి స్టోర్స్‌కి ఎలా వచ్చాడని అడిగింది. దానయ్య గొంతులో మొదటిసారి కొంచెం ఉత్సాహం వినిపించింది. రెండేళ్ళ క్రితం, తొంభై ఆరు ఆగస్టులో, కరిగిన ఉక్కు మోసే ట్రాలీ భీమారావు కాలు మీదుగా వెళ్ళింది. అప్పుడతను క్రేన్ ఫిట్టరు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి 'అన్‌ఫిట్' అని ఉత్తరం ఇచ్చారు. కానీ అదే ఏడాది వికలాంగుల చట్టం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ కంపెనీ ఏదైనా సరే, నౌకరీలో ఉండగా అంగవైకల్యం వచ్చిన మనిషిని తీసేయడానికి వీల్లేదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. వేరే పని లేకపోతే అతని కోసం ఒక పోస్టు సృష్టించి మరీ ఉంచుకోవాలి. దానయ్య ఆ చట్టం చూపించి నోటీసు ఇచ్చాడు, జబల్‌పూర్ హైకోర్టు దాకా వెళతానన్నాడు. కంపెనీ దిగివచ్చింది. భీమారావు తర్వాత అదే దారిన మరో నలుగురు ఉద్యోగాలు నిలబెట్టుకున్నారు.

"ఆ చట్టం కాలు పోయినవాణ్ణి కాపాడుతుంది," అంది ఊర్మిళ. "దొంగని కాపాడదు. అవునా?"

దానయ్య తలూపాడు. ఆమె మాట ఎటు పోతోందో అతనికి అర్థమైంది.

సూరమ్మ భర్త ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల మీది పెన్ను తీసి దానయ్య చొక్కా జేబులో పెట్టింది. "మీ పెన్ను మీ దగ్గిరే ఉంచుకోండి లాయరుగారూ. ఈయన రాయడు," అంది.

*

స్టోర్స్ తలుపు దగ్గరే మల్లేశ్వరరావు ఎదురయ్యాడు. భారీ మనిషి. పోలీసు శాఖలో ఊర్మిళకు పై అధికారిగా పనిచేసి, రిటైరై ఈ ఉద్యోగంలో చేరాడు.

"సంతకం తెస్తారనుకుంటే డిటెక్టివ్‌ని తెచ్చారేమిటి దానయ్యగారూ?" అన్నాడు.

రేపటి విచారణలో కార్మికుడి తరఫున దొంగతనం జరిగిన చోటు చూసే హక్కు తమకుందని దానయ్య చెప్పాడు. మల్లేశ్వరరావు కాదనలేదు. ఊర్మిళను పరిశీలనగా చూసి, ఈ కేసులో వెతకడానికేమీ మిగల్లేదనీ, అనవసరంగా ఆ కుర్రాణ్ణి రెచ్చగొట్టి జైలుకు పంపొద్దనీ అన్నాడు. తాను చూపించింది దయ అని అతను నిజంగానే నమ్ముతున్నట్టుంది.

"దయ చూపించమని అతను అడిగాడా?" అంది ఊర్మిళ.

"అడక్కపోయినా చూపించాను. నా చేతిలో సాక్ష్యం ఉంది."

"అయితే చూపించండి. దయ కాదు, సాక్ష్యం."

మల్లేశ్వరరావు ముఖం ఎర్రబడింది. పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

లోపల దూబే ఉన్నాడు. సన్నగా, నీటుగా ఉన్న మనిషి. అందరికీ నమస్తే చెప్పి, భీమారావుకు మాత్రం చెప్పలేదు. అతనికి తెలుగు రాదు. తెలుగులో మాటలు నడుస్తున్నంతసేపూ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు తిప్పుతూ నిలబడ్డాడు.

హాలు చివర మధ్యగోడ. దానికి ఆనించి ఇనుప నిచ్చెన. గోడ పైన ఒక ఇనుప ట్రే బోర్లించి, చుట్టూ ఎర్ర తాడు కట్టి ఉంది. పాదముద్ర చెరగకుండా మల్లేశ్వరరావు చేసిన ఏర్పాటు అది. శనివారం ఉదయమే ఫొటో తీయించి, ట్రే బోర్లించి, అప్పటి నుంచి కాపలా పెట్టానని చెప్పాడు. అతని పనితనంలో లోపం పట్టలేకపోయింది ఊర్మిళ. ఫొటో చేతికి తీసుకుని చూసింది. స్పష్టమైన కుడిపాదం. ఐదు వేళ్ళూ, మడమా. బొటనవేలి మొదట్లో అడ్డంగా ఒక చీలిక.

ఎడమపాదం ముద్ర ఎక్కడుందని అడిగింది. దొరకలేదన్నాడు మల్లేశ్వరరావు. చేతుల ముద్రలు? అవీ లేవు, గుడ్డ చుట్టుకుని ఉంటాడు.

"చేతులకు గుడ్డ చుట్టుకున్నవాడు, ఊరంతా గుర్తుపట్టే కాలికి చుట్టుకోలేదా?"

"దొంగలు తెలివైనవాళ్ళయితే మనకి ఉద్యోగాలుండవు ఊర్మిళా."

ఆమె ఫొటో భీమారావుకిచ్చింది. అతను దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత గోడ వైపు నడిచి నిచ్చెన పట్టుకున్నాడు.

దానయ్య కంగారుగా అడ్డం వచ్చాడు. ఇంతమంది ముందు ఎక్కితే, ఎక్కగలడని వీళ్ళే సాక్ష్యం చెబుతారని, చేజేతులా కేసు ముగించుకోవడమేనని అన్నాడు. మల్లేశ్వరరావు నవ్వలేదు గానీ, చేతులు కట్టుకుని గోడకు చేరబడ్డాడు. అతనికి కావలసింది అదే.

"ఎక్కనీండి సార్," అన్నాడు భీమారావు. "ఎక్కనేనని ఎవులూ అనకూడదు. నా గురించి రాసే కాగితంలో అబద్ధం ఉండకూడదు."

నిచ్చెన మెట్టు మీద ఎడమకాలు పెట్టి, చేతులతో ఒంటిని పైకి లాక్కుని, కుడికాలిని అదే మెట్టు మీదకు తెచ్చుకున్నాడు. మళ్ళీ ఎడమకాలు. ప్రతి మెట్టు దగ్గరా అంతే. వేగం లేదు, తడబాటూ లేదు. రెండేళ్ళ క్రితం దాకా ఇదే ఫ్యాక్టరీలో క్రేన్ల మీద నడిచిన మనిషి. పైకి చేరాక గోడ అంచు రెండు చేతులతో పట్టుకుని, ఎడమ మోకాలు ఆనించి, గుర్రం ఎక్కినట్టు గోడ మీద కూర్చున్నాడు. ట్రేకి బాగా ఎడంగా కూర్చున్నాడు. తర్వాత కుడికాలి చెప్పు విప్పి, ఖాళీగా ఉన్న చోట మసిలో పాదాన్ని గట్టిగా నొక్కి తీశాడు.

"పైకి రండి మేడమ్," అన్నాడు. "మీరూ రండి మల్లేశ్వరరావుగారూ. మీకు రెండు కాళ్ళున్నాయి గదా."

ఊర్మిళ ఎక్కింది. చూసి దిగి, మల్లేశ్వరరావుకి నిచ్చెన చూపించింది. ఆయన ఒకసారి దూబే వైపు, ఒకసారి నిచ్చెన వైపు చూశాడు. ఎక్కడం ఆయనకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అయినా అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. రొప్పుతూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కి, ట్రే ఎత్తి, పక్కపక్కన ఉన్న రెండు ముద్రలూ చూశాడు. చాలాసేపు చూశాడు.

భీమారావు ఇప్పుడు ఎక్కినందుకు గోడ మీద రెండు అరచేతులు, ఒక మోకాలు, ఎడమకాలి వేళ్ళు పడ్డాయి. ఆ రాత్రి ఎక్కినవాడు ఇవేవీ వదల్లేదు. గాలిలోంచి వచ్చి ఒంటికాలి మీద నిలబడి మాయమయ్యాడు. అది ఒకటి. రెండోది, భీమారావు ఇప్పుడు నొక్కిన పాదంలో బొటనవేలు నున్నగా ఉంది. చీలిక లేదు.

"ఆ ఫొటోలోది నా పాత కాలు," అన్నాడు భీమారావు. "వేడి ఇసక మీద అడుగేస్తే బొటనేలు కాడ కాలిపోయి చీలింది. దీపావళి ముందే మార్చీసేను."

"పాతది ఏం చేశావు?" అని అడిగాడు మల్లేశ్వరరావు. నిచ్చెన మీదే ఉన్నాడు ఇంకా. గొంతులో వెటకారం లేదు.

"స్టోర్స్‌లో జమ చేసేను సార్. గ్లవ్స్‌కి, బూట్లకి ఉన్న రూలే నా కాలికీ పెట్టేరు. పాతది తెస్తేనే కొత్తదాని డబ్బులు పాస్ చేస్తావన్నారు. దూబే సాబ్ చేతికే ఇచ్చేను."

*

మల్లేశ్వరరావు కిందకు దిగి చేతులు దులుపుకున్నాడు. దూబేని హిందీలో అడిగాడు. దూబే వెంటనే జవాబిచ్చాడు. ఆ కాలు పనికిరాని సామానుతో కలిపి జనవరి వేలంలో పోయిందట. పాతసామాను కొన్న కబాడీవాడు ఎప్పుడో కరిగించి ఉంటాడట.

ఊర్మిళ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు మల్లేశ్వరరావే మాట్లాడాడు.

"జనవరిలో పోయిన కాలు మార్చిలో గోడ ఎలా ఎక్కింది దూబేజీ?"

దూబే తడుముకున్నాడు. భీమారావే దాచిపెట్టుకుని ఉంటాడని మొదలుపెట్టాడు. తాను తీసుకున్నానని ఇప్పుడే అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాడు.

మల్లేశ్వరరావు కోపం దూబే మీద కాకుండా ఊర్మిళ మీదకు మళ్ళింది. విషయం కిందే నోటితో చెప్పకుండా, తనను నిచ్చెన ఎక్కించి నలుగురిలో నవ్వులపాలు చేయడం అవసరమా అన్నాడు. భీమారావు తనకు ముందే పాత కాలి సంగతి ఎందుకు చెప్పలేదన్నాడు.

"మీరు ఫొటో అతనికి చూపించారా?" అంది ఊర్మిళ. "ముద్ర దొరికింది, కుడికాలు, రబ్బరు. అక్కడితో మీకు చాలింది. కాలు లేనివాడి మీద అనుమానం రావడానికి మీకు ఒక్క నిమిషం పట్టింది. ఎవరికి లాభమని అడగడానికి నాలుగు రోజులైనా చాలలేదు."

"ప్లాటినం ఎవరికి లాభం కాదు?"

"అమ్ముకుంటే లాభం. ఈ చుట్ట అమ్ముకోవడానికి తీయలేదు. దొంగ తన ముద్ర దాచుకుంటాడు. ఇక్కడ ఇంకొకరి ముద్ర తెచ్చి పెట్టారు. కాలు పోయిందని తీసేయడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి తీసేయడానికి వేరే కారణం కావాలి. మీ కంపెనీకి పోయింది ప్లాటినం. కావలసింది ఒక దొంగ."

తాను పంపిన కాగితం, అందులోని మాటలు, ఎవరు చెప్పి రాయించారో మల్లేశ్వరరావుకు గుర్తొస్తున్నట్టుంది. ఆ కాగితం ఎవరిచ్చారని ఊర్మిళ అడిగింది. మేనేజింగ్ డైరెక్టర్ గది నుంచి వచ్చిందని చెప్పాడు.

అప్పుడే దూబే బల్ల మీది ఫోను మోగింది. దూబే చెయ్యి చాచేలోగా ఊర్మిళ రిసీవరు ఎత్తింది.

"అమ్మా, భీమారావు కోసం వచ్చిన మేడమ్ మీరేనా?" అవతలి గొంతు నెమ్మదిగా, తెలుగులో అంది. "నేను ఎక్స్ఛేంజి నుంచి సత్తిరాజుని."

భీమారావు ఆమెకు చెప్పాడు. సత్తిరాజు ఫ్యాక్టరీ టెలిఫోన్ ఆపరేటరు. అంతకుముందు కొలిమి దగ్గర పనిచేసేవాడు. కరిగిన ఉక్కు ముఖాన చిమ్మి రెండు కళ్ళూ పోయాయి. దానయ్య నోటీసుతో ఉద్యోగం నిలబెట్టుకున్న ఆ నలుగురిలో ఒకడు.

సత్తిరాజు చెప్పింది కొద్దిగానే. తాను లేచి పక్క గదిలో నీళ్ళు తాగి వచ్చేసరికి బల్ల సొరుగు సగం తెరిచి ఉంది. తాను ఎప్పుడూ అలా వదలడు. మూయబోతే లోపల చేతికి ఏదో తగిలింది. సన్నటి తీగ చుట్ట. సగం పొద్దు ఫ్యాక్టరీ ఫోన్లన్నీ ప్లాటినం గురించే కనుక అదేమిటో ఊహించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఊర్మిళ రిసీవరు మల్లేశ్వరరావు చెవికి దగ్గరగా పెట్టింది. ఆయన ఆ చుట్ట జాగ్రత్తగా తీసుకుని వెంటనే స్టోర్స్‌కి రమ్మన్నాడు.

"తేను సార్," అన్నాడు సత్తిరాజు. "అది చేత్తో పట్టుకుని గుమ్మం దాటితే నేను దొంగనే. ఉన్నచోటే ఉంటాది. మీరే రండి. ఒక్కరు కాదు, పదిమందిని తీసుకుని రండి. అందాకా తలుపుకి గడియ పెట్టి కూకుంటాను."

దూబే కుర్చీలో కూలబడ్డాడు. తెలుగు తెలియకపోయినా సత్తిరాజు పేరు విన్నాడు, తీగ అన్నప్పుడు ఊర్మిళ వేళ్ళతో చుట్ట చూపించడం చూశాడు. మల్లేశ్వరరావు అతని ముందు నిలబడి ఒక్కటే అడిగాడు: మొత్తం ఎంతమంది?

దూబే నేల చూస్తూ చెప్పాడు. ఐదుగురు. భీమారావు మొదలు. అతను సంతకం పెట్టకపోతే ఇవాళ మధ్యాహ్నం సోదా చేసి ప్లాటినం సత్తిరాజు దగ్గర దొరకబుచ్చుకుంటారు; అప్పుడు ఇద్దరూ తోడుదొంగలు. మిగతా ముగ్గురికి వేరే సంగతులు ఆలోచించి ఉంచారు. భీమారావును ఫోన్ చేసి పంపిందీ, తన తాళంచెవితో గది తెరిచి తీగ తీసిందీ, పాత కాలిని గోడ మీద నొక్కిందీ తానే. సొరుగులో చుట్ట పెట్టింది తాను కాదు. ఇలాంటివాళ్ళను జీతమిచ్చి పోషించడానికి ఇది ధర్మసత్రం కాదని పై గదిలోంచి మాట వచ్చింది. చేయకపోతే తన ఉద్యోగం పోతుందన్నారు.

"నీ ఉద్యోగం," అన్నాడు భీమారావు హిందీలో.

రిసీవరులో సత్తిరాజు గొంతు మళ్ళీ వినిపించింది. ఎవరో తలుపు తడుతున్నారట. ఎవరని అడిగితే పలకడం లేదట. ఊర్మిళ తీయొద్దని చెప్పింది. తీయనన్నాడు. రెండు క్షణాల తర్వాత అతనే అన్నాడు:

"ఇప్పుడు పలికేరు మేడమ్. ఎండీ సాబే. తలుపు బద్దలు కొట్టమంటన్నారు."

చెక్క పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత లైను పోయింది.

మల్లేశ్వరరావు ఊర్మిళ చేతిలోని రిసీవరు అందుకుని అలాగే నిలబడ్డాడు. తనకు జీతమిచ్చేవాడు ఆ తలుపు అవతల ఉన్నాడు. ఊర్మిళ ఆయన వైపు చూసింది గానీ ఆగలేదు. గుమ్మం దాటేసరికి భీమారావు అప్పటికే ఆవరణ సగం దాటాడు. పోత సామాను దిబ్బల మధ్య నుంచి, ఎడమకాలు విసిరి కుడికాలు లాక్కుంటూ, ఊర్మిళ చూసినవాటిలో అతి వేగమైన నడకతో పోతున్నాడు.

"చలో, సత్తిరాజు గదికి చలో," అని అచ్చులు చేసే మౌల్డింగ్ షాపు వైపు కేకేశాడు.

ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అయినా లోపల సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. మసి ముఖాల మనుషులు ఇద్దరు, తర్వాత ఏడెనిమిది మంది, పార చేతిలో ఉన్నవాడు పారతోనే, అతని వెనక బయలుదేరారు.